మూతపడ్డ కూలింగ్ టవర్‌లోకి వెళ్లొచ్చా?

పోయిన సంచికలో మాటల్లో మాటగా "కూలింగ్ టవర్ అంటే పొగ గొట్టం కాదు" అని ఒక్క లైన్ రాశానంతే, ఇక చూస్కోండి, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్‌లలో సగం టవర్ల మీదే, అదే, పవర్ ప్లాంట్‌లో వేడినీళ్లు చల్లార్చే ఆ పెద్ద కాంక్రీటు కట్టడాల మీదే. సరే, ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేద్దాం. థర్మల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని, మధ్యలో సోది ఎక్కువైతే సర్దుకుపోండి.

ప్రశ్న: అంకుల్, మేం నలుగురం ఫ్రెండ్స్, డిగ్రీ సెకండియర్. మా ఊరికి పది కిలోమీటర్లలో మూతపడ్డ ప్లాంట్ ఒకటుంది, అందులో పెద్ద కూలింగ్ టవర్. ప్రహరీ ఒకచోట కూలిపోయింది, గేదెలు కూడా లోపలికెళ్లి మేస్తుంటాయి, వాచ్‌మన్ ఏమీ అనడు. లోపలికెళ్లి రీల్ చేద్దామని, కుదిరితే నిచ్చెనెక్కి పైదాకా వెళ్దామని ప్లాన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి.
(పేరు వేయొద్దన్న పాఠకుడు)

జవాబు: బాబూ, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకుంటే మీరు ఆదివారమే బయల్దేరతారని నాకు తెలుసు, మీ వయసులో నేనూ అంతే. అందుకని లోపల ఏముంటుందో ముందు చెప్తా, తర్వాత మీరే ఆలోచించుకోండి.

బయట్నుంచి చూస్తే టవర్ అంటే వంద మీటర్ల పైచిలుకు కట్టడం, లోపల ఎన్ని అంతస్తులున్నాయో అనిపిస్తుంది. ఏమీ ఉండవు. మొత్తం పనంతా కింద పది పన్నెండు మీటర్లలోనే జరుగుతుంది, ఆ పైన ఉన్నదంతా ఉత్త బోలు. అట్టడుగున నీళ్ల తొట్టి, దాన్నే బేసిన్ అంటాం. దాని చుట్టూ ఏటవాలుగా నిలబడ్డ కాంక్రీటు కాళ్లు, వాటి సందుల్లోంచే గాలి లోపలికి పోతుంది. కాళ్లకి కాస్త పైన ఫిల్ అని పలకలు పేర్చిన అర, దాని మీద నీళ్లు చల్లే పైపులు లేదా కాలువలు. అంతే. పైకెక్కితే మీకు కనిపించేది ఓ పెద్ద గుండ్రటి అంచు, లోపల చీకటి, దిగితే బతికామన్న ఫీలింగ్, ఇంకేం లేదు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. అందరూ పైనుంచి పడతామని భయపడతారు గానీ నా అనుభవంలో టవర్ మనిషిని పట్టుకునేది కింద. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ప్లాంట్ పేరు ఎందుకులెండి, ఓ యూనిట్ నెలల తరబడి ఆగిపోయి ఉంది, దాని టవర్ బేసిన్ చూసి రమ్మన్నారు. వెళ్తే లోపలంతా పచ్చగా గడ్డి, ఎండిపోయిందిలే అనుకుని పర్మిట్ గిర్మిట్ ఏమీ రాయించకుండా దిగేశా. మూడో అడుగుకి ఛాతీదాకా నీళ్లు! గాలికి కొట్టుకొచ్చిన దుమ్మూ ఆకులూ నీటి మీద చాపలా పేరుకుని, దాని మీద గడ్డి మొలిచిందన్నమాట. వెనకాలొచ్చిన మా హెల్పర్ తలగుడ్డ విప్పి విసిరాడు కాబట్టి సరిపోయింది, ఎందుకంటే ఇంకో రెండు అడుగుల్లో పంపులకు నీళ్లు పోయే సంప్ గొయ్యి ఉంది, దాని లోతు నాలాంటివాళ్లు ఇద్దరు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డా చాలదు. బురద కడుక్కోవడానికి గంట పట్టింది, ఆఫీసర్ దగ్గర తిట్లు అరగంట, తప్పు నాదే కాబట్టి నోరెత్తలేదు. ఆ గేదెలు గట్టు మీదే ఎందుకు మేస్తున్నాయో ఈసారి గమనించండి, లోపలికి ఒక్కటీ దిగదు.

బేసిన్ దాటి పైన ఫిల్ మీదకెక్కి నడుద్దామంటారేమో. పాత టవర్లలో ఆ పలకలు ఒకచోట చెక్కవి, ఒకచోట ఆస్బెస్టాస్ సిమెంటువి. అవి నీళ్లు జారడానికి పెట్టినవి, మనిషి బరువుకి కాదు. పాతికేళ్ల కిందటి సిమెంటు రేకుల ఇంటికప్పు మీద నడిచి చూశారా ఎప్పుడైనా? అట్లాంటిదే, కాకపోతే కింద మంచం బదులు కాంక్రీటు దూలాలుంటాయి. పైగా విరిగిన ఆస్బెస్టాస్ నుంచి లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇవాళ ఏమీ అనిపించదు, ఇరవై ముప్ఫై ఏళ్లకి బయటపడుతుంది, చేతిరుమాలు కట్టుకుంటే ఆగేది కాదది.

ఇక నిచ్చెన. ప్లాంట్ నడిచినన్నాళ్లూ దానికి రోజూ ఆవిరి స్నానమే. మెట్లు చూడ్డానికి దిట్టంగానే కనిపిస్తాయి, రంగు కూడా ఉంటుంది, తుప్పు పట్టేది కాంక్రీటులోకి దిగిన బోల్టుకి, అది కంటికి కనపడదు. పదో మెట్టు మోసింది కదాని నూటపదో మెట్టు మోస్తుందని లేదు. రాగి పట్టీలు అమ్ముకునేవాళ్లు పిడుగు దిగే తీగల్ని ముందే కోసుకుపోయి ఉంటారు, కాబట్టి మబ్బు పట్టిన రోజు అక్కడ నిలబడటం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

తేనెతుట్టెలు. నవ్వకండి. ఊళ్లో వాటర్ ట్యాంకు కింద వేలాడే నల్లటి పెద్ద తుట్టెలు చూశారుగా, ఆ పెద్ద తేనెటీగలకి కూలింగ్ టవర్ అంచులన్నా, కాళ్ల సందులన్నా మహా ఇష్టం. డ్రోన్ చప్పుడు, సెంటు వాసన, ఎవడో కాల్చిన సిగరెట్టు, ఏదైనా చాలు లేవడానికి. నేల మీదుంటే పరిగెత్తొచ్చు, నలభై మీటర్ల ఎత్తున నిచ్చెన మీదుంటే ఎటు పరిగెడతారు?

అన్నిటికంటే చెప్పాల్సింది ఒకటుంది. మూతేసున్న గొయ్యి, పైపు, ట్యాంకు, పంపుహౌస్ సెల్లారు, వీటిలోకి తల కూడా పెట్టొద్దు. ఇనుము తుప్పు పట్టడం అంటే గాలిలోని ఆక్సిజన్‌ని తినడమే, మూసున్న ఇనప ట్యాంకు ఏళ్ల తరబడి అలాగే ఉంటే లోపల గాలి గాలిలాగే ఉంటుంది, వాసనుండదు, రంగుండదు, ప్రాణవాయువు మాత్రం ఉండదు. బురద కుళ్లిన చోట విషవాయువులు సరేసరి. మ్యాన్‌హోల్ వార్తలు చదువుతుంటారు కదా, ఒకడు పడతాడు, వాణ్ని తీద్దామని రెండోవాడు, వాడి కోసం మూడోవాడు. మీరు నలుగురు వెళ్తున్నామన్నారు, నాకు ముందు ఆ సంఖ్యే భయం వేసింది.

చట్టం సంగతి కూడా ఒక మాట. మూతపడ్డదంటే ఎవరిదీ కాదని కాదు, ప్రతి తుప్పు ముక్కకీ ఓనర్ ఉంటాడు. అక్రమ ప్రవేశం అంటే భారతీయ న్యాయ సంహితలో 329 సెక్షన్, దాంట్లో మూడు నెలల జైలు లేదా 5000 దాకా జరిమానా లేదా రెండూ. దురుద్దేశం రుజువైతేనే అనుకోండి, కానీ తుక్కు దొంగతనాలు జరిగే చోట రాత్రిపూట దొరికితే మీ ఉద్దేశం రీల్ అని పోలీసులకు చెప్పి ఒప్పించేసరికి తెల్లారుతుంది.

నిజంగా చూడాలనుంటే కాలేజీ లెటర్ పెట్టి యాజమాన్యానికి రాయండి, అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు, ఒక పెద్దాయన్ని తోడు తీసుకెళ్లండి. గట్టు మీద నిలబడి కాళ్ల సందులోంచి తలెత్తి పైకి చూడండి, ఆ గుండ్రటి ఆకాశం ముక్క ఒక్కటి చాలు. రీల్‌కి కూడా అదే బాగుంటుంది, నిచ్చెన మీద సెల్ఫీ ఎవడైనా తీస్తాడు.

ప్రశ్న: సార్, ఆ టవర్లు మధ్యలో సన్నగా ఎందుకుంటాయి? దాంట్లోంచి వచ్చేది పొగ కాదన్నారు, మరేంటి? మా ఫిజిక్స్ మేడమ్ "సిలబస్‌లో లేదు" అన్నారు.
(ఇంటర్ విద్యార్థిని, ఇబ్రహీంపట్నం)

జవాబు: అమ్మా, సిలబస్‌లో లేకపోతేనేం, మీ ఊళ్లో థర్మల్ ప్లాంటే ఉంది, కిటికీ తీస్తే పాఠం.

పొగ పక్కనున్న సన్నటి పొడుగు చిమ్నీలోంచి వస్తుంది. కూలింగ్ టవర్లోంచి వచ్చేది నీటి ఆవిరి, అది పైన చల్లగాలి తగిలి తుంపరలై తెల్లగా మబ్బులా కనిపిస్తుంది. టర్బైన్ తిప్పేసిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చడానికి కండెన్సర్‌లోకి చల్లనీళ్లు పంపుతారు, ఆ నీళ్లు వేడెక్కి దాదాపు 40 డిగ్రీలతో బయటికొస్తాయి. మీ అమ్మగారు వేడి పాలని గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తారే, ఆ పనే ఇక్కడ. పైనుంచి నీళ్లు పలకల మీద జల్లు జల్లుగా పడతాయి, కిందనుంచి గాలి ఎదురొస్తుంది, కొంచెం నీరు ఆవిరైపోతూ మిగతా నీళ్ల వేడి పట్టుకుపోతుంది. తడిసి వేడెక్కిన గాలి బయటి గాలికంటే తేలిక, కాబట్టి పైకి లేస్తుంది, దాని వెనకాల కొత్త గాలి కింద సందుల్లోంచి దూరుతుంది. ఫ్యాను లేదు, మోటారు లేదు, ఆ పొడుగే ఫ్యాను. అందుకే అంత ఎత్తు, అందుకే లోపల బోలు.

ఆకారం గురించి. గుప్పెడు చీపురుపుల్లలు తీసుకుని నడుమ రబ్బరుబ్యాండు వేసి, రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పి చూడు. పుల్ల ఒక్కటీ వంగలేదు, కట్ట మాత్రం ఢమరుకంలా నడుము సన్నగా అయ్యింది కదా? టవర్ అదే. చూడ్డానికి వంకర, కట్టింది మాత్రం తిన్నటి గీతల్లోనే. అడుగు వెడల్పుగా ఉంటే గాలికి దారి, నిలబడ్డానికి బలం, పైగా ఇలా రెండు వైపులా వంపున్న పెంకుని తక్కువ కాంక్రీటుతో చాలా ఎత్తు కట్టొచ్చు. హాలండ్‌లో ఫాన్ ఇటర్సన్ అనే ఇంజనీరు ఈ ఆకారం పట్టుకుని 1918లో హీర్లెన్ దగ్గర ఓ బొగ్గు గని కోసం మొదటిది కట్టించాడు, దాని ఎత్తు 35 మీటర్లే. మన దేశంలో ఇప్పుడు 200 మీటర్లు దాటినవి ఉన్నాయి, రాజస్థాన్‌లోని కాలీసింధ్ ప్లాంట్‌వి 202.

ఆ గోడ ఎంత మందమో చెప్పుకో చూద్దాం. ఇంగ్లండ్‌లో ఫెర్రీబ్రిడ్జ్ అనే చోట 114 మీటర్ల టవర్లకి గోడ 5 అంగుళాలు! మన ఇళ్ల ఇటుక గోడే 9 అంగుళాలుంటుంది. కోడిగుడ్డు వెడల్పుతో పెంకు మందాన్ని పోల్చి లెక్కేస్తే, ఆ నిష్పత్తిలో గుడ్డు పెంకే టవర్ కంటే మందం. 1965 నవంబర్ 1న అక్కడ పెద్ద గాలికి ఎనిమిది టవర్లలో మూడు గంటలోపే ఒకదాని తర్వాత ఒకటి కూలిపోయాయి. చిత్రమేంటంటే గాలికి ఎదురుగా ఉన్న వరస నిలబడింది, దాని చాటునున్న వరసలోవే పడ్డాయి. ముందు టవర్లని చీల్చుకుని వచ్చిన గాలి సుడులు తిరిగి వెనకవాటిని ఊపేసింది. డిజైన్ చేసినవాళ్లు టవర్ ఒంటరిగా ఉంటే ఎలా అని టెస్ట్ చేశారు, గుంపుగా ఉంటే ఎలా అని చేయలేదు. అదృష్టం, ఎవరూ పోలేదు.

ప్రశ్న: అన్నా నమస్తే, నేను బెల్జియంలో ఎమ్మెస్ చేస్తున్నా. ఇక్కడ షార్లెరువా దగ్గర మూతపడ్డ పవర్ ప్లాంట్ టవర్ లోపలి ఫొటోలు ఇన్‌స్టాలో చాలా ఫేమస్, మధ్యలో పెద్ద గరాటాలాగా ఏదో ఉంటుంది, సైఫై సినిమా సెట్‌లా. అదేంటి? మా రూమ్మేట్స్ వెళ్దామంటున్నారు.
(బ్రస్సెల్స్ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, ఆ ఫొటో నాకూ కనీసం పదిమంది పంపారు, ఒకాయనైతే "ఇది గ్రహాంతరవాసుల గుడి, షేర్ చేయండి" అని కూడా రాశాడు. అది మోన్సో-సుర్-సాంబ్ర్‌లోని ఐఎం అనే బొగ్గు ప్లాంట్‌ది. 1921లో మొదలైన ప్లాంట్, 2007లో మూతేశారు.

ఆ గరాటా వేడినీళ్లు పైకొచ్చే దారి. కండెన్సర్ నుంచి వచ్చిన నీళ్లు దాంట్లోకి ఎక్కి, పొంగి, దాని చుట్టూ సూర్యకిరణాల్లా పరుచుకున్న కాంక్రీటు కాలువల్లోకి పారేవి, పెద్ద కాలువ నుంచి పిల్లకాలువలు, వాటి నుంచి బొట్లు బొట్లుగా కిందకి. మన డెల్టాలో బ్యారేజీ నుంచి పొలం దాకా నీళ్లెలా పంచుతారో అచ్చం అదే పద్ధతి, గుండ్రంగా చుట్టేశారు, అంతే. మా ప్లాంట్లలో పైపులూ నాజిల్సూ ఉండేవి కాబట్టి అంత అందం లేదు, నిజం చెప్పాలంటే ఆ ఫొటో చూసినప్పుడు నాక్కూడా కాస్త కుళ్లేసింది. ఇప్పుడు ఆ కాలువల మీద నాచు పచ్చగా పట్టి ఉంది చూశావా, ఫొటోకి అదే ప్రాణం, కాలికి అదే యముడు. ఆ కాలువ గట్లు నడవడానికి కట్టినవి కావు, కింద ఖాళీ.

పైగా నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉన్నావ్. ఇక్కడి పిల్లలకైతే స్టేషన్‌లో కూర్చోబెట్టి నాన్నని పిలిపిస్తారు, నీకు నాన్న ఏడువేల కిలోమీటర్ల అవతల. పక్క దేశం జర్మనీలో, హాలండ్ సరిహద్దుకి దగ్గర్లో కాల్కార్ ఉంది, టికెట్ కొనుక్కుని టవర్ లోపలికి దర్జాగా వెళ్లొచ్చు. దాని సంగతి కింద చెప్తున్నా చదువు.

ప్రశ్న: అయ్యా, మా నాన్నగారు పాల్వంచ కేటీపీఎస్‌లో (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) చేశారు, నేను పుట్టింది అక్కడి క్వార్టర్స్‌లోనే. బస్సులో వస్తుంటే టవర్లు కనిపించగానే ఇల్లొచ్చేసిందని లేచి నిలబడేవాళ్లం. 2024లో వాటిని పేల్చేసినప్పుడు నాన్నగారు టీవీ కట్టేసి లోపలికెళ్లిపోయారు. కనీసం ఒకటన్నా ఉంచి టూరిస్టు స్పాట్ చేయొచ్చు కదా?
(హైదరాబాద్ నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నేను అక్కడ పనిచేయలేదు, కానీ మా బ్యాచ్‌వాళ్లు చాలామంది కిన్నెరసాని నీళ్లు తాగి పెరిగినవాళ్లే.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పాల్వంచలో 1966 నుంచి మొదలుపెట్టి వరసగా కట్టుకుంటూ పోయిన పాత స్టేషన్లు ఏ, బీ, సీ, అన్నీ కలిపి 720 మెగావాట్లు. 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు, 120వి నాలుగు. ఆ రోజుల్లో 60 మెగావాట్లంటే గొప్ప, ఇప్పుడు అదే ఊళ్లో 2018లో వచ్చిన ఏడో దశలో ఒక్క యూనిట్టే 800. చిన్న యూనిట్లు బొగ్గు ఎక్కువ తింటాయి, ముసలివయ్యాయి, మూతేశారు. 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లనీ పేలుడు పదార్థాలు పెట్టి పడగొట్టారు.

వీడియో చూసే ఉంటారు. కాళ్లకీ, పెంకు కింది భాగానికీ రంధ్రాలు వేసి మందు కూరతారు, ఒక వైపు కాళ్లు ముందు పోతాయి, అంతే, పైనున్న పెంకు తడిసిన కాగితపు సంచిలా మెలితిరిగి తనలోకి తనే కూలుతుంది. సూరత్‌లో 2023లో 85 మీటర్ల టవర్‌ని పడగొడితే ఏడు సెకన్లు పట్టింది. ఏళ్ల తరబడి షిఫ్టులు చేసినవాడికి ఏడు సెకన్లలో అయిపోవడం చూడ్డం కష్టమే, టీవీ కట్టేయడంలో తప్పేం లేదు.

ఉంచొచ్చు కదా అంటే, ఉంచినచోట్లు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో సొవెటోలోని ఒర్లాండో ప్లాంట్ 1998లో ఆగిపోతే రెండు టవర్లనీ ఉంచి ఒళ్లంతా రంగురంగుల బొమ్మలేశారు, రెండింటి మధ్య పైన వంతెన కట్టి వంద మీటర్ల ఎత్తునుంచి బంగీ జంప్ చేయిస్తున్నారు. కాల్కార్‌ది ఇంకా తమాషా. అణు విద్యుత్ కేంద్రం, వేల కోట్లు పోసి కట్టారు, ఒక్కరోజు కూడా నడవలేదు. 1995లో ఓ డచ్ వ్యాపారి కొనుక్కుని పిల్లల పార్కు చేసేశాడు. కూలింగ్ టవర్ లోపల గిరగిరా తిరిగే ఉయ్యాల పెట్టాడు, అది తిరుగుతూ పైకి లేచి టవర్ అంచు దాటి తల బయటపెడుతుంది. అణు ఇంధనం ఎప్పుడూ పెట్టలేదు కాబట్టి రేడియేషన్ బెడద లేదు.

కానీ ఒక్కటి మర్చిపోతాం. అక్కడ టవర్ ఖాళీగా ఉండటానికి కూడా డబ్బు ఖర్చుపెడుతున్నారు. పెంకులో ఇనుము తుప్పు పడుతుందేమో చూడాలి, పగుళ్లు పూడ్చాలి, విమానాల కోసం పైన ఎర్రదీపం వెలగాలి, కాపలా ఉండాలి. అదేదీ చేయకుండా "గుర్తుగా ఉంచాం" అని గోడ మీద రాసి వదిలేస్తే, పై ఉత్తరం రాసిన నలుగురు కుర్రాళ్ల లాంటివాళ్లు అందులోకే దూరతారు. పాల్వంచలో ఎనిమిదిట్లో ఒకటి ఉంచి నిజంగా ఖర్చుపెట్టి చూసుకునుంటే నేనూ మనవళ్లని తీసుకెళ్లేవాణ్ని. చూసుకోకుండా ఉంచేదానికంటే పడగొట్టడమే నయం అంటాను, మీ నాన్నగారు ఒప్పుకోరేమో, నాకు ఉత్తరం రాయమనండి, వేస్తాను.

ప్రశ్న: టవర్ మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే చాలాసార్లు వినపడుతుందట, నిజమేనా?
(ఏడో తరగతి, కర్నూలు)

జవాబు: నిజమే నాన్నా. 60 మీటర్ల వెడల్పున్న టవర్లో సరిగ్గా నడిమధ్య నిలబడితే చప్పట్ల మోత 30 మీటర్లు పోయి, గోడకి తగిలి, అన్ని వైపుల నుంచీ ఒకేసారి నీ దగ్గరికే తిరిగొస్తుంది, సెకనులో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. వచ్చింది ఆగదు, నిన్ను దాటి అవతలి గోడకి పోయి మళ్లీ వస్తుంది, టప్ టప్ టప్ టప్ అని సన్నబడుతూ. నడిచే టవర్లో మాత్రం ఏమీ వినపడదు, లోపల జడివాన మోత, పక్కవాడు చెవిలో అరిచినా అంతే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో సాట్సాప్ అనే చోట 1983లో పని ఆగిపోయిన అణు ప్లాంట్ టవర్లున్నాయి, అక్కడి ప్రతిధ్వని కోసమే సంగీతం వాయించి రికార్డు చేసుకునేవాళ్లున్నారు.

అంత దూరం ఎందుకు, కర్నూలు నుంచి బీజాపూర్ గోల్ గుంబజ్‌కి మీ స్కూలు వాళ్లు ఎక్స్‌కర్షన్ వేస్తే వెళ్లు. పైన గుమ్మటం చుట్టూ ఉన్న వసారాలో చప్పట్లు కొట్టి లెక్కపెట్టు. పొద్దున్నే వెళ్లు, పదింటికల్లా అందరూ కేకలేస్తుంటారు, నీ చప్పట్లు ఏవో తెలీదు.